చెయ్యి తగిలితే లేచేది: కనిగిరి రోడ్డులో ఒక మిరప కల్లం ఊరు

కరుణ ఫోన్ చేసేసరికి నేను గుంటూరులో మా వంటింట్లో పప్పుకి తాలింపు పెడుతున్నాను. "మేడమ్, ఒక్కసారి రాగలరా?" అంది. ఆ గొంతు విని స్టవ్ కట్టేశాను. కరుణ ఏఎన్ఎం నర్సు. కనిగిరి వైపు ఒక ఊళ్ళో చిన్న క్లినిక్ చూసుకుంటుంది. చలికాలంలో నా దగ్గర రొమ్ము క్యాన్సర్ శిక్షణ తీసుకుని వెళ్ళింది. నర్సులకి పాఠాలు చెప్పి చెప్పి రిటైరైనదాన్ని, ఇంట్లో కూర్చోలేక ఈ పని పెట్టుకున్నాను. ఆ మెట్ట ఊళ్ళల్లో స్కానింగ్ మెషిన్లు లేవు, ఏ పరీక్షకైనా ఒంగోలు పోవాల్సిందే. అక్కడున్నదల్లా నర్సు చేతులు. ఆ చేతులకి గడ్డని పట్టుకోవడం నేర్పితే సగం పని అయినట్టే అని నా పట్టుదల. "ఎవరూ తలుపు తీయడం లేదు మేడమ్. నేను వీధిలో కనపడితే ఆడవాళ్ళు రొమ్ముల మీద చేతులు అడ్డం పెట్టుకుంటున్నారు. మా వదినకి గడ్డ ఉందని నాకు అనుమానం. రవిక మార్చుకుంటుంటే చూశాను, ఒకచోట చర్మం లోపలికి గుంజుకుపోయి ఉంది. నన్ను దగ్గరికే రానివ్వడం లేదు" అని ఏడ్చేసింది. నాకు కోపం ముక్కు మీదుంటుంది. "ఏం మాయరోగం వచ్చింది వాళ్ళకి?" అన్నాను. "మీరే వచ్చి చూడండి" అని ఫోన్ పెట్టేసింది.

ఆ వైపు పనిమీద వెళ్ళాలనుకునే నర్సులూ, వాలంటీర్లూ ఇది చదువుతారని దారి కూడా రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. గుంటూరు బస్టాండులో తెల్లవారే ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్ సున్నా, కాబట్టి సీటు కోసం కాస్త ముందే పోవాలి. చిలకలూరిపేట దాటేదాకా పత్తి ఏరేసిన చేలు, ఎండుకట్టెలు. మూడు గంటల్లోపే ఒంగోలు. అక్కడ ఇడ్లీ తిని పొదిలి మీదుగా కనిగిరి పోయే బస్సు పట్టుకున్నాను. పొదిలి దాటాక నేల రంగు మారుతుంది, నీళ్ళు మారతాయి, అంతా ఫ్లోరైడ్ నీళ్ళే. తాగే నీళ్ళు ఒంగోల్లోనే కొనుక్కోండి. కనిగిరిలో బస్సు దిగాక ఆటో మాట్లాడుకున్నాను. సాయంత్రం దాకా ఉండి తిరిగి బస్సెక్కించడానికి ఎనిమిది వందలు అడిగాడు, ఒప్పుకున్నాను. డ్రైవర్ పేరు మస్తాన్ వలి, నలభై ఏళ్ళుంటాయి, నోరు ఊరుకోదు.

"ఏందమ్మా ఆ సంచి, అంత జాగర్తగా ఒళ్ళో పెట్టుకున్నారు? కేకా?" అన్నాడు.

"రొమ్ము" అన్నాను.

అద్దంలో నా వంక ఒక చూపు చూసి మళ్ళీ రోడ్డు వంక తిరిగాడు. అది సిలికాన్‌తో చేసిన బొమ్మ. లోపల గడ్డలు పెట్టి ఉంటాయి, నర్సులు వేళ్ళతో నొక్కి వాటిని వెతకాలి. ఆ సంగతి చెప్పాక కాస్త కుదుటపడ్డాడు. కానీ మధ్యాహ్నం వెళ్ళాల్సిన ఊరి పేరు చెప్పేసరికి ఆటో వేగం తగ్గించాడు. "ఊరి బయట చర్చి దగ్గర ఆపుతానమ్మా, లోపలికి రాను. మా ఇంట్లో ఆడోళ్ళు ఒట్టు వేయించుకున్నారు. ఆ ఊళ్ళో ఏదో లేచిందంట."

"ఏది లేచింది?"

"పేరు చెప్పరమ్మా. లేచిందంట, అంతే."

ఎలాగూ వస్తున్నానని, ఊళ్ళోకి వెళ్ళేముందు ఆరోగ్య కేంద్రంలో ఒక శిక్షణ పెట్టించాను. చుట్టుపక్కల ఊళ్ళ ఏఎన్ఎంలు ఐదారుగురు వచ్చారు, కరుణ కూడా తెల్లచీరలో వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. మూడు వేళ్ళ మెత్తని భాగంతో ఎలా నొక్కాలో, పైపైన ఒకసారి, కాస్త గట్టిగా ఒకసారి, లోతుగా ఒకసారి ఎలా తిప్పాలో, చంకలోకి ఎందుకు పోవాలో చూపించాను. వేళ్ళు జారడానికి చుక్క కొబ్బరినూనె రాసుకోమన్నాను. అంతా బాగానే చేశారు. సంచి సర్దుకుంటుంటే ఒకమ్మాయి వచ్చి, "మా ఊళ్ళో కూడా మొదలైంది మేడమ్" అంది గొంతు తగ్గించి. ఏమిటని అడిగితే కరుణ వంక చూసి గబగబా వెళ్ళిపోయింది. ఎదురుగా మెస్సులో తొంభై రూపాయల భోజనం, గోంగూర పచ్చడి అదిరిపోయింది గానీ ధ్యాస తిండి మీద లేదు.

రెండింటికి ఊరు చేరాం. మస్తాన్ అన్నమాట ప్రకారం చర్చి దగ్గరే ఆపేశాడు. కరుణా నేనూ నడిచాం. మిట్టమధ్యాహ్నం, ఒక్క మనిషి లేడు వీధిలో. తలుపులు మూసే ఉన్నాయి. ఒక కిటికీలో ఆడపిల్ల నిలబడి ఉంది, పదేళ్ళుంటాయేమో. మమ్మల్ని చూడగానే రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని వెనక్కి నడిచింది. పిల్ల భయపడినట్టు లేదు, పెద్దవాళ్ళు నేర్పిన పని చేస్తున్నట్టుంది. క్లినిక్ గోడ మీద మేము ఇచ్చిన పోస్టరు ఉంది, ఒకావిడ తన రొమ్ముని తనే పరీక్ష చేసుకుంటున్న బొమ్మ. దగ్గరికి వెళ్ళి చూశాను. మొహం ఉంది, ఒళ్ళుంది. చేతులు లేవు. గోటితో గీకి గీకి, కింద సున్నం కనిపించేదాకా తీసేశారు.

"ఎవరు చేశారిది?"

"ఒకరు కాదు మేడమ్. పొద్దున వచ్చేసరికి రోజుకి కాస్త పోతూ వచ్చింది" అంది కరుణ.

ఊరి అవతల కల్లంలో ఉన్నారు ఆడవాళ్ళంతా. ఎండబెట్టిన మిరపకాయలు కనుచూపుమేర ఎర్రగా పరిచి ఉన్నాయి, ఆ ఎరుపు మీద ఎండ పడి కళ్ళు నిలవలేదు. మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కాలు చీరల మీద తొడుక్కుని, మెడదాకా గుండీలు పెట్టుకుని, తలకీ మొహానికీ తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చున్నారు. కళ్ళొక్కటే కనిపిస్తున్నాయి. చేతులు మాత్రం ఆగడం లేదు, తొడిమలు తీయడం, తెల్లబోయిన తాలు కాయల్ని పక్కకి వేయడం. మామూలుగా కల్లం అంటే గోల, సరసాలు, బూతులు కూడా. ఇక్కడ దగ్గు తప్ప చప్పుడు లేదు. కరుణని చూడగానే ఒకేసారి అందరి మోచేతులూ దగ్గరికొచ్చి రొమ్ములకి అడ్డంపడ్డాయి. వేళ్ళు మాత్రం పని మానలేదు. కరుణ అక్కడే, గట్టు మీద నిలబడిపోయింది.

నేను చీర దోపి వాళ్ళ మధ్యలో కూర్చున్నాను. పాఠం చెప్పను, బొమ్మ తీయను, తొడిమలు తీస్తాను అన్నాను. నా పక్కనున్న పెద్దావిడ, చిట్టెమ్మ, నా వేళ్ళ వంక చూసి, "చేతులకి గుడ్డ చుట్టుకో తల్లీ, మండుతై" అంది. "గుంటూరు దాన్ని పెద్దమ్మా, మిరపకాయ నన్నేం చేస్తుంది?" అన్నాను. అంతటితో ఆగానా, మా ఇంట్లో కారం దంచే కథలు కూడా మొదలుపెట్టాను. గంటసేపు కూర్చునేసరికి రెండు మాటలు పడ్డాయి, ఒక నవ్వు కూడా పడింది. గట్టుకి దగ్గరగా ముప్ఫై ఎనిమిదేళ్ళుండే ఒకామె అటు తిరిగి కూర్చుంది. కరుణ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆమే సలోమి, కరుణ అన్న భార్య.

నాలుగింటికి పని ఆపి లేచాక చిట్టెమ్మే అంది: "రా తల్లీ, ఆ క్లినిక్‌లోనే మాట్టాడుకుందాం. నీకు తెలియాల." పదిమంది దాకా వెంట వచ్చారు. సలోమి కూడా వచ్చి గడప దగ్గర, పారిపోవడానికి వీలుగా కూర్చుంది. బోరు దగ్గర నేను సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. తలుపు వేశారు. గదిలో ఉక్క, మిరప ఘాటు.

చిట్టెమ్మ తువ్వాలు తీసి చెప్పింది. "అది అందరిలో ఉంటది తల్లీ. నిద్దరపోతా ఉంటది. దాని జోలికి పోకపోతే అట్టానే పడుండి, మనతోపాటే మట్టిలోకి వచ్చుద్ది. చెయ్యి తగిల్తే లేస్తది. ఈ కరుణ మంచికే చెప్పింది, కాదనం. సాయంత్రం కల్లం పని అయినాక చర్చి అరుగు మీద కూర్చోబెట్టి, ఇట్టా నూనె రాసి ఇట్టా ఇట్టా నొక్కి చూసుకోండన్నది. ఇళ్ళకి పోయి స్నానాలు చేసి చూసుకున్నాం. ఊళ్ళో ఆడోళ్ళందరం. ఒక్క ఇంట్లో గాదు తల్లీ, అన్ని ఇళ్ళల్లో ఒక్కసారే మంటలు లేచినై. రొమ్ముల్లో నిప్పులు పోసినట్టు. తెల్లార్లూ ఏడుపులే."

ఊరంతా ఒకే రాత్రి కాలిపోవడం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. తర్వాత నా బుద్ధి నేను చూపించుకున్నాను. "ఇవన్నీ భ్రమలు పెద్దమ్మా. మీ ఎదురుగానే నేను చేసుకుంటాను, ఏమవుతుందో చూడండి" అని, గోడవైపు తిరిగి, పైట చాటున హుక్కులు తీసి, చుక్క కొబ్బరినూనె వేళ్ళకి రాసుకుని మొదలుపెట్టాను. పైపైన, కాస్త గట్టిగా, లోతుగా. రెండు వైపులా. నోటితో పాఠం చెబుతూనే ఉన్నాను. పది మంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారని వీపుకి తెలుస్తోంది.

చంక దగ్గరికి వచ్చేసరికి మొదలైంది. ముందు వెచ్చగా. తర్వాత చీమలు పాకినట్టు. తర్వాత అమ్మా, నిప్పే. కింది నుంచి పైకి, లోపలి నుంచి బయటికి ఏదో తన్నుకొస్తున్నట్టుంది. నేను ఇన్నేళ్ళు ఎంతమందికో పాఠం చెప్పినదాన్ని, నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు తట్టిన మాట ఒక్కటే: లేచింది. నేను చెబుతున్న పాఠం మధ్యలో ఆగిపోవడం అందరూ విన్నారు.

వెనక నుంచి చిట్టెమ్మ చాలా మెల్లగా అంది, "మండుతోంది గదమ్మా."

గడప దగ్గర సలోమి లేచి నిలబడింది. గొళ్ళెం మీద చెయ్యి పెట్టింది. ఆ తలుపు తీసుకుని ఆమె వెళ్ళిపోతే మళ్ళీ ఏ నర్సునీ దగ్గరికి రానివ్వదని నాకు తెలుసు, కరుణకీ తెలుసు. నాకు చెమటలు, కళ్ళల్లో నీళ్ళు. చేత్తో కన్ను తుడుచుకున్నాను. అంతే, కన్ను భగ్గుమంది. రొమ్ములో ఏ మంటో కంట్లో అదే మంట. "ఓరి నా తెలివి తెల్లారా!" అని పైకే అనేశాను.

ఒక కన్ను మూసుకునే చిట్టెమ్మ ఎదురుగా చతికిలబడ్డాను. "పెద్దమ్మా, ఒక్కటి చెప్పు. పాలిచ్చే తల్లిని మీరు కల్లానికి రానిస్తారా?"

"రానివ్వం. ఇది ఎప్పుడూ ఉన్నదే."

"ఎందుకని?"

"ఎందుకేంది, ఎంత కడిగినా వేళ్ళ సందుల్లో కారం ఉంటది. చనుకట్టుకి తగిలి బిడ్డ నోరు మండుద్ది. గుక్కపెడతారు పిల్లకాయలు."

"ఆ బిడ్డ నోట్లో గడ్డ ఏమన్నా లేచిందా పెద్దమ్మా?"

చిట్టెమ్మ తన రెండు చేతులు తిప్పి అరచేతుల వంక చూసుకుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ తమ చేతుల వంక చూసుకున్నారు. స్నానం చేసేటప్పుడు సబ్బుతో అలా రుద్ది ఇలా నీళ్ళు పోసుకుంటారు, మంట తెలియదు. కరుణ చెప్పినట్టు నూనె రాసి, వేళ్ళతో నొక్కి నొక్కి తిప్పేసరికి ఆ నూనెకి వేళ్ళ పగుళ్ళలో దాగున్న కారమంతా బయటికొచ్చింది. బాలింతల విషయంలో అమ్మమ్మల నాటి నుంచి పాటిస్తున్న జాగ్రత్త అది. ఈ మంట దగ్గరికి వచ్చేసరికి క్యాన్సర్ అనే మాట అడ్డంపడి ఎవరికీ తట్టలేదు. నాకు మాత్రం తట్టిందా? కన్ను మండితేగానీ తెలియలేదు.

"కరుణా, నువ్వు పొద్దున్నుంచి మిరపకాయ ముట్టుకోలేదుగా. రా" అన్నాను.

అయినా ముందు అందరి ఎదుటా ఆమె చేతులకి నూనె పట్టించి, పక్కింటి నుంచి తెప్పించిన శనగపిండితో రుద్ది, సబ్బుతో కడిగించాను. కరుణ వెళ్ళి సలోమి ముందు నిలబడింది. చేతులు చాపింది గానీ ముట్టుకోలేదు. సలోమి చాలాసేపు గొళ్ళెం వదల్లేదు.

"నువ్వే లేపావనుకున్నా" అంది చివరికి.

"నేను కూడా అట్టానే అనుకున్నా వదినా" అంది కరుణ. "ఆ రోజు నేనూ మన కల్లంలో పని చేసే వచ్చా. నాకూ మండింది. అప్పట్నుంచి నా ఒంటి మీద నేనే చెయ్యి వేసుకోలేదు. మేడమ్‌కి చెబితే నవ్వుతారని చెప్పలేదు."

ఫోన్లో ఆ ఏడుపు దేనికో అప్పుడు అర్థమైంది. సలోమి గొళ్ళెం వదిలేసింది. తెర వెనకాల బల్ల మీద పడుకుంది. నేను పక్కన నిలబడ్డానేగానీ చెయ్యి వేయలేదు, ఆ చేతులతో ఎలా వేస్తాను? కరుణ నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసింది. ఒకచోటికి వచ్చేసరికి వేళ్ళు ఆగాయి. కాస్త పక్కకి పోయి మళ్ళీ అక్కడికే వచ్చాయి. రేగుపండంత ఉంటుంది, రాయిలా ఉంది, కదలడం లేదని సలోమికి కనపడకుండా సైగ చేసింది నాకు.

సలోమి ముఖం మాత్రం తేటపడింది, అది చూసే నాకు భయం వేసింది. "మంట లేదు కరుణా! అస్సలు లేదు. నొప్పి గూడా లేదు. అంటే నాకేం లేనట్టే గదా?"

తెర అవతల నుంచి ఎవరో "దేవుడికి స్తోత్రం" అన్నారు. కరుణ నా వంక చూసింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని ఆపుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. ఆ మాట చెప్పాల్సింది కరుణే. నేను సాయంత్రం బస్సెక్కి పోయేదాన్ని, ఆమె ఆ ఊళ్ళో ఉండేది.

"ఉంది వదినా, గడ్డ ఉంది" అంది కరుణ. "మంట మిరపకాయది. ఇది వేరే. దీనికి నొప్పి ఉండదు, అందుకే ఎవరికీ తెలియకుండా పెరుగుద్ది. నేను ఆ పాఠం చెప్పకముందు నుంచే ఉంది. ఏ గడ్డో పరీక్ష చేస్తేగానీ తెలియదు. రేపు కాదు, ఇప్పుడే ఒంగోలు పోదాం. నేను నీ పక్కనే ఉంటా."

సలోమి ఏడవలేదు. లేచి కూర్చుని గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంది. "కాయలు గోతాలకెత్తాల ఈవారం" అంది. "మేం ఎత్తుతాంలే, నువ్వు పో" అని తెర అవతల నుంచి చిట్టెమ్మ గట్టిగా కసిరింది. మంట మిరపకాయదని ఫోన్ చేసి చెబితే మస్తాన్ వచ్చాడు. ఈసారి ఆటో క్లినిక్ గుమ్మం దాకా తెచ్చాడు. మాట్లాడుకున్న డబ్బుల మీద పైసా ఎక్కువ తీసుకోలేదు.

అది క్యాన్సరే. ఒంగోల్లో పరీక్షలయ్యాయి, ఆపరేషన్ అయింది, మందులు ఇంకా ఎక్కిస్తున్నారు. ఇంకా పాకకముందే పట్టుకున్నారు కాబట్టి దారి ఉంది అన్నారు డాక్టరుగారు. దారి ఉంది అన్న మాటనే పట్టుకుని ఆ ఇంట్లో అందరూ రోజులు గడుపుతున్నారు. నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలా మూఢనమ్మకాలు చూశాను, అందరినీ కసిరాను. ఈ ఊరిని మాత్రం కసరలేను. వాళ్ళు పిచ్చిగా ఏదీ నమ్మలేదు. చెప్పినట్టు చేశారు, మండింది, మండిందని నమ్మారు. మన పాఠాలు రాసినవాళ్ళ చేతులకి కారం అంటలేదు, అంతే తేడా. ఇంకా ఒక సంగతి నన్ను వదలడం లేదు. ఆ రోజు నా కన్ను మండకపోతే నేను కూడా గుంటూరు వచ్చి తలుపేసుకుని, ఎవరికీ చెప్పకుండా, చేతులు అడ్డం పెట్టుకుని పడుకునేదాన్నేమో.

కల్లాల కాలంలో ఆ వైపు నేర్పడానికి వెళ్ళే నర్సులకి ఒక్క సలహా. సాయంత్రం నేర్పకండి, పొద్దున్నే ఆడవాళ్ళు కల్లంలోకి దిగకముందే నేర్పండి. మీ చేతులైనా సరే, వాళ్ళ చేతులైనా సరే, ముందు నూనె పట్టించి, శనగపిండితో రుద్ది, ఆ తర్వాతే సబ్బుతో కడగండి, వట్టి సబ్బుకి కారం పోదు. కడుక్కున్నాక వేలు నాలుక్కి తగిలించి చూసుకోండి. మండలేదంటే, ఇక భయపడకుండా చెయ్యి వేయండి.